ముందు మోరి, తర్వాతే రోడ్డు

పాఠకుల ప్రశ్నలు, జవాబులు

మన చిన్న పట్టణాలు వచ్చే ఇరవై ఏళ్లలో ఎట్లా ఉండాలి, మీ ఊరికి ఏం కావాలి, రాయండి అని పోయిన సంచికలో అడిగాం. వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా మోరీల గురించే ఉన్నాయి. చదువుతుంటే నాకు సంతోషమే అయింది, ఎందుకంటే మున్సిపల్ ఇంజనీరుగా ఉద్యోగం చేసినన్నాళ్లూ మీటింగుల్లో నేను ఎక్కువగా విన్నది స్వాగత తోరణాల గురించి, జంక్షన్లో విగ్రహాల గురించి, సెంట్రల్ లైటింగ్ గురించి. మోరి ఎటు పోతోంది అని అడిగినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. పేర్లు వేయొద్దని చాలామంది రాశారు కాబట్టి అందరి పేర్లూ తీసేశాం, కొన్నిచోట్ల ఊరి పేరు కూడా తీసేశాం.

ప్రశ్న: మా ఇల్లు కట్టి ఇరవై రెండేళ్లు. అప్పుడు రోడ్డు నుంచి మూడు మెట్లెక్కితే గడప. రోడ్డు మీద రోడ్డు వేసీ వేసీ ఇప్పుడు గడప కన్నా రోడ్డే ఎత్తయింది, గట్టి వాన పడితే మోరి నీళ్లు వంటింట్లోకి వస్తున్నాయి. పోయినేడు కొత్తగా సీసీ వేశారు, మూడు నెలలకే పైపులైన్ కోసం నడిమధ్యన తవ్వారు. ఇరవై ఏళ్ల ప్లాన్ సంగతి అటుంచి, ఇరవై నెలల ప్లాన్ అన్నా ఎవరి దగ్గరైనా ఉందా సార్?
(ఒక గృహిణి, వరంగల్ జిల్లా)

జవాబు: అమ్మా, ఈ పని నా చేతుల మీదుగా కూడా జరిగింది, ముందు అది ఒప్పుకోవాలి. ఒక చిన్న మున్సిపాలిటీలో ఉన్నప్పుడు మార్చి ఆఖరుకు నిధులు మురిగిపోతాయని ఆదరాబాదరాగా ఒక వీధికి సీసీ వేయించాను. జూన్‌లో మంచినీళ్ల పైపు వాళ్లొచ్చి దాన్ని తవ్వారు. పైపు మంజూరైన సంగతి నాకు తెలియదు, రోడ్డు పడుతున్న సంగతి వాళ్లకు తెలియదు, రెండు ఆఫీసులూ ఒకే కాంపౌండులో ఉన్నాయి. ఆ గల్లీలో ఒక పెద్దామె "మీరిద్దరూ మాట్లాడుకోరా బిడ్డా" అని అడిగింది, నేను తలకాయ వంచుకుని వచ్చేశాను.

సమగ్ర ప్రణాళిక, సుస్థిర అభివృద్ధి అని పెద్ద పెద్ద పేర్లు పెడతారు గానీ ముప్పై వేల జనాభా ఉన్న ఊరికి అదంతా కలిపితే ఒక వరుస. భూమి లోపల పోయేవి ముందు పోవాలి: మంచినీళ్ల పైపు, రేపెప్పుడో కేబుల్ లాగాల్సి వస్తే పనికొచ్చేటట్టు రోడ్డుకు అడ్డంగా ఖాళీ గొట్టాలు. తర్వాత మోరి. అన్నీ అయ్యాక రోడ్డు. మోరిని కూడా కింది కొస నుంచి మీదికి కట్టుకుంటూ రావాలి, మనవాళ్లేమో మీది నుంచి, అంటే పలుకుబడి ఉన్నవాళ్ల ఇంటి ముందు నుంచి మొదలుపెడతారు, డబ్బులు అయిపోయినచోట ఆపేస్తారు. ఆగినచోట ఎవరిల్లుంటే వాళ్ల వంటింట్లోకి నీళ్లు.

ఇక ఆ కింది కొస ఎక్కడుంది? మన వైపు దాదాపు ప్రతి మోరీ ఏదో ఒక చెరువులోకే పోతుంది. కాకతీయుల కాలం నుంచి ఇది గొలుసుకట్టు చెరువుల దేశం. పాకాల, రామప్ప, లక్నవరం పేరున్నవి, వాటి కింద పేరు కూడా మరిచిపోయిన చెరువులు, కుంటలు వందల్లో ఉన్నాయి. పై చెరువు నిండి మత్తడి, అంటే అలుగు, దూకితే ఆ నీళ్లు కాలువ పట్టుకుని కింది చెరువుకు చేరాలి. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో చాలా చెరువుల పూడిక తీశారు, మంచి పని. కానీ చెరువుకూ చెరువుకూ మధ్య ఉన్న కాలువ ఊళ్లలో ప్లాట్లయి కూర్చుంది, ఆ ప్లాట్ల మీద ఇళ్లు లేచాయి, నీళ్లకు మాత్రం పాత దారే గుర్తుంది. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులో 649.8 మిల్లీమీటర్లు కురిసింది, అంత వానకు ఏ మోరీ తట్టుకోదు, దానికి ఎవరినీ అనడానికి లేదు. అరవై, డెబ్బై మిల్లీమీటర్లకే మునిగే గల్లీ ఉంటే మాత్రం వానను తిట్టి లాభం లేదు.

ఇంకో లెక్క కూడా చూడండి. మున్సిపాలిటీల్లో మనిషికి రోజుకు 135 లీటర్ల చొప్పున ఇవ్వాలని మిషన్ భగీరథలో పెట్టుకున్నారు. ముప్పై వేల మందికి 40 లక్షల 50 వేల లీటర్లు. ఇంజనీర్లు దానిలో ఎనభై శాతం మురుగై బయటికొస్తుందని లెక్క వేస్తారు, అంటే రోజుకు 32 లక్షల లీటర్ల పైచిలుకు. నల్లా నీళ్లు వస్తే పండగ చేసుకున్నాం, టెంకాయలు కొట్టాం, వాడిన నీళ్లు ఎటు పోవాలో మాత్రం ఏ ఎస్టిమేటులోనూ రాసుకోలేదు. అవన్నీ ఇప్పుడు చెరువులో ఉన్నాయి, గుర్రపుడెక్క కింద.

మీరు ఇప్పుడు చేయగలిగింది చెప్తాను. సర్వే ఆఫీసులో పాత నక్షా నకలు తీసుకోండి, వాగులూ కాలువలూ అందులో ఉంటాయి. మీ ఊళ్లో నీరటి కుటుంబం, అంటే చెరువు నీళ్లు చూసుకునేవాళ్లు, ఎవరైనా మిగిలి ఉంటే ఆ ఇంటి పెద్దమనిషిని వెంటబెట్టుకుని ఒక ఆదివారం తిరగండి, ఏ తూము నీళ్లు ఎటు పోయేవో చెప్పడానికి ఆయనకు కంప్యూటర్ అక్కర్లేదు. మీ గల్లీకి మళ్లీ రోడ్డు మంజూరైతే రోడ్డు ఎంత ఎత్తున వస్తుందో రాసే లెవెల్స్ కాగితం చూపించమని అడగండి, ఇవ్వకపోతే సమాచార హక్కు కింద పెట్టండి, ముప్పై రోజుల్లో జవాబు రావాలి. పాత తారును గీకి కొత్తది వేయాలనీ, సీసీ అయితే పాతది పగలగొట్టి తీసేయాలనీ ఎస్టిమేటులో రాయించండి. రాయించకపోతే కాంట్రాక్టరు ఎందుకు చేస్తాడు? అది తీయడానికీ ఖర్చే, మోయడానికీ ఖర్చే. సంతకం పెట్టే ముందే ఆపాలి, రెడీమిక్స్ బండి వచ్చాక ఎవరూ ఆపలేరు.

ప్రశ్న: మా ఊరు మున్సిపాలిటీలో కలిసింది. ఉపాధి హామీ పని పోయింది, ఇంటి పన్ను పెరిగింది, బర్రెల కొట్టం కట్టుకోవాలన్నా పర్మిషన్ అంటున్నారు. పట్టణం అయినందుకు మాకేం ఒరిగింది?
(మహిళా సంఘం సభ్యురాలు, మహబూబాబాద్ జిల్లా)

జవాబు: అక్కా, పోయినవి పోయినట్టే చెప్తాను. ఉపాధి హామీ గ్రామాలకే, ఊరు మున్సిపాలిటీలోకి రాగానే జాబ్ కార్డు పెట్టెలో పెట్టుకోవాల్సిందే. 2018లో తొర్రూరు, మరిపెడ, డోర్నకల్, వర్ధన్నపేట లాంటివి మున్సిపాలిటీలైనప్పుడు చుట్టుపక్కల ఊళ్లనూ కొన్నిచోట్ల కలిపారు. బజారుకు ఆనుకుని ఉన్న ఊరిని కలిపితే అర్థముంది. మధ్యలో మైళ్ల కొద్దీ పత్తి చేలున్న ఊరిని జనాభా లెక్క కోసం కలపడం నాకు ఎప్పుడూ నచ్చలేదు, ఆ మాట ఉద్యోగంలో ఉన్నప్పుడు కూడా అన్నాను, ఎవరూ వినలేదు.

వచ్చేవి ఏమిటంటే, కేంద్రం 2021 అక్టోబరులో మొదలుపెట్టిన అమృత్ 2.0 లాంటివి పట్టణాలకే వస్తాయి, తాగునీటికీ చెరువులకూ అందులో డబ్బులుంటాయి. పన్ను సంగతి కూడా ఒకసారి సరిచూసుకోండి. 2019 మున్సిపల్ చట్టం ప్రకారం 75 గజాల లోపు జాగాలో కింద, పైన ఒక్కో అంతస్తు ఉన్న ఇంటికి ఏడాదికి వంద రూపాయలే పన్ను, అంత జాగాలో కట్టుకోవడానికి పర్మిషన్ కూడా అక్కర్లేదు, రిజిస్టర్ చేసుకుంటే చాలు. మీ సంఘంలో ఎంతమంది ఆ లెక్కలోకి వస్తారో, ఎంత కడుతున్నారో చూడండి. మిగతావాళ్లు ఏప్రిల్ 30 లోపు కడితే ఐదు శాతం తగ్గుతుంది.

పని సంగతికి వస్తే, కేరళలో అయ్యంకాళి పేరు మీద పట్టణ ఉపాధి పథకం చాలా ఏళ్లుగా నడుస్తోంది, రాజస్థాన్‌లో 2022లో పట్టణాల్లో వంద రోజుల పని పెట్టారు. మన దగ్గర అట్లాంటిది వస్తే ఏం పని చేయించాలో వెతుక్కోవాల్సిన పని లేదు, పైన చెప్పిన కాలువలు, తూములు, గుర్రపుడెక్క చాలు, పదేళ్ల పని. చేతకాక ఆగింది కాదది, అడిగేవాళ్లు లేక ఆగింది. అదే 2019 చట్టంలో ప్రతి వార్డుకూ యువకులకు, మహిళలకు, వృద్ధులకు, ఊరి ప్రముఖులకు నాలుగు కమిటీలు, ఒక్కోదానిలో పదిహేను మంది అని ఉంది. మీ వార్డు కమిటీలో మీ సంఘం వాళ్లు ఎవరున్నారో కనుక్కోండి. చాలాచోట్ల ఆ పేర్లు తమకే తెలియకుండా రాసి ఉంటాయి.

ఇంకొకటి, మాస్టర్ ప్లాన్ తయారవుతుంటే మీ ఊరి కూరగాయల భూములను వ్యవసాయం కిందే ఉంచమని రాసివ్వండి. వెంచర్ల వాళ్లు అప్పటికే తిరుగుతుంటారు. పట్టణానికి పది నిమిషాల దూరంలో పండిన బీరకాయ, వంకాయ ఆ పట్టణానికీ ఆస్తే.

ప్రశ్న: రిటైర్డ్ టీచర్ని. ఇంట్లో తడి చెత్త, పొడి చెత్త విడివిడిగా పెడతాను. బండి వచ్చి రెండూ ఒకే గుంటలో పోసుకుంటుంది. మా మనవరాలు "తాతా, మరెందుకు వేరు చేయడం" అంటే జవాబు లేదు.
(కరీంనగర్ జిల్లా)

జవాబు: మాస్టారూ, మనవరాలు అడిగింది సరిగ్గా ఉంది. బండిలో మధ్యన రేకు అడ్డం లేనప్పుడు ఇంటింటికీ రెండు బుట్టలు పంచడం దండగ. ముందు బండి మారాలి, దానికంటే ముందు డంపింగ్ యార్డులో తడి చెత్తకు వేరే చోటు ఉండాలి, ఆ ఎరువు కొనేవాళ్లెవరో తేలాలి. ఇక్కడా వరుస కింది కొస నుంచే.

చిన్న పట్టణంలో మనిషి రోజుకు మూడు వందల గ్రాముల చెత్త వేస్తాడనుకున్నా ముప్పై వేల మందికి తొమ్మిది టన్నులు. దానిలో దగ్గరదగ్గర సగం కూరగాయ తొక్కలు, మిగిలిన అన్నం. విడిగా వస్తే అది ఎరువు, కలిసి వస్తే కంపు. మన సూర్యాపేట రెండు వేల సంవత్సరం తర్వాత కొన్నేళ్లు వీధి చెత్తకుండీలే లేని పట్టణంగా దేశమంతా పేరు తెచ్చుకుంది, ఎక్కడెక్కడి నుంచో చూడటానికి వచ్చేవాళ్లు. పక్కనున్న ఛత్తీస్‌గఢ్‌లో అంబికాపూర్‌లో మహిళా సంఘాలే ఇంటింటికీ పోయి చెత్త తెస్తాయి, ఏరి, రకరకాలుగా వేరు చేసి అమ్ముతాయి. రెండుచోట్లా పెద్ద మెషిన్లేమీ లేవు, రోజూ పొద్దున్నే అదే పని అట్లాగే చేయడం ఉంది. దూరం ఎందుకు, గీసుగొండ మండలంలో గంగదేవిపల్లి ప్రతి పనికీ ఒక కమిటీ వేసుకునే పేరు తెచ్చుకుంది. అది పల్లె, కానీ మన పట్టణాల్లో ఒక్కో వార్డు అంతకంటే పెద్దదేం కాదు.

ఎరువు గురించి ఒక జాగ్రత్త. రైతు ఒకసారి తీసుకెళ్లిన ఎరువులో గాజు పెంకు కాలికి గుచ్చుకుంటే రెండోసారి రాడు, ఉచితంగా ఇస్తామన్నా రాడు. అందుకే విడిగా తేవడం.

మీరు అడగలేదు గానీ చెత్త కంటే నన్ను ఎక్కువ భయపెట్టేది సెప్టిక్ ట్యాంకు. మూడేళ్లకొకసారి ఖాళీ చేయించాలి, మనం పొంగేదాకా ముట్టుకోం. పొంగినప్పుడు వచ్చిన ట్యాంకరు దాన్ని చీకటి పడ్డాక ఏ వాగులో వదిలిందో ఎవరూ అడగరు. వరంగల్ నగరం 2016లోనే దీనికి నియమాలు పెట్టుకుంది, తర్వాత శుద్ధి చేసే ప్లాంటు కట్టుకుంది, అప్పటికి దేశంలో ఆ పని చేసిన నగరాలు చాలా తక్కువ. ముప్పై వేల ఊరికి సొంత ప్లాంటు మొయ్యలేని బరువు. మూడు నాలుగు పట్టణాలు కలిసి మధ్యలో ఒకటి పెట్టుకుంటే సరిపోతుంది, కానీ ఏ ఊరి పొలిమేరలో పెట్టాలి అన్న దగ్గర మీటింగు ఆగిపోతుంది. మా ఊళ్లో వద్దంటే మా ఊళ్లో వద్దని. ఇప్పటికైతే ఆ మలమంతా అన్ని ఊళ్ల వాగుల్లోనూ ఉంది కాబట్టి, ఎవరి పొలిమేరలోనూ లేదని అనుకోవడానికి వీల్లేదు.

ప్రశ్న: నాన్న సింగరేణిలో చేసి దిగిపోయారు. నాకు డిగ్రీ ఉంది. మా దోస్తులంతా హైదరాబాద్ పోయారు. బొగ్గు అయిపోతే భూపాలపల్లి ఉంటుందా?
(భూపాలపల్లి)

జవాబు: తమ్మీ, ఈ ప్రశ్న బెల్లంపల్లి వాళ్లు నీకంటే ముందే అడిగారు. అక్కడ గనులు మూతపడుతూ పోయాయి, క్వార్టర్లు ఖాళీ అయ్యాయి, బజారు చిన్నదైంది. వరంగల్‌లో 1934లో పెట్టిన ఆజంజాహి మిల్లు సైరన్ మీద ఒకప్పుడు ఊరు నిద్ర లేచేది, మిల్లు పోయాక ఆ జాగాలో ప్లాట్లు పడ్డాయి. సిరిసిల్లలో మగ్గాలకు ప్రభుత్వ చీరల ఆర్డరు వచ్చిన ఏడు ఒక తీరు, రాని ఏడు ఇంకో తీరు. ఒంటి కాలి మీద నిలబడ్డ ఊళ్లివన్నీ.

మీ దగ్గర రేపే బొగ్గు అయిపోదు, చెల్పూరులో థర్మల్ కరెంటు కేంద్రం కూడా ఉంది, అందుకే ఇప్పుడే ఆలోచించాలి, ఆదాయం ఉన్నప్పుడు. గనులున్న జిల్లాల్లో 2015 చట్ట సవరణతో జిల్లా ఖనిజ నిధి వచ్చింది, గనుల వల్ల నష్టపోయిన ప్రాంతాల కోసమే ఆ డబ్బు. తాగునీళ్లు, వైద్యం, చదువు, చేతిపని నేర్పడం దాని పనులు. దాన్ని ప్రహరీ గోడలకూ కమ్యూనిటీ హాళ్లకూ ఖర్చుపెట్టే ఊరు ఇరవై ఏళ్ల తర్వాత ఆ గోడలే చూసుకుంటూ కూర్చోవాలి. నాకు చేతనైతే ఆ నిధిలో పెద్ద ముక్క మీ నాన్న తరానికి వచ్చిన విద్యను నిలబెట్టడానికి పెడతాను. ఫిట్టర్లు, ఎలక్ట్రీషియన్లు, వెల్డర్లు, పంపులు బాగుచేసేవాళ్లు అంతమంది ఒకచోట ఉన్న ఊరు చుట్టుపక్కల ఇంకోటి లేదు. జిల్లా అంతా మోటార్లు కాలిపోతుంటే రైతు వాటిని ట్రాలీలో వేసుకుని హన్మకొండ దాకా ఎందుకు తేవాలి? ఇళ్ల మీద సోలార్ పలకలకు 2024లో వచ్చిన పీఎం సూర్యఘర్‌లో మూడు కిలోవాట్లకు 78 వేల దాకా సబ్సిడీ ఇస్తున్నారు, పెట్టించుకునేవాళ్లు పెరుగుతున్నారు, బిగించడానికీ రిపేరుకూ మనిషి ఎక్కడి నుంచి వస్తున్నాడో చూడు.

రెండో కాలు టూరిజం అంటారు. రామప్ప గుడికి 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది, మీ జిల్లాలోనే కాళేశ్వరం ఉంది. వచ్చినవాళ్లు పొద్దున వరంగల్‌లో టిఫిన్ చేసి బయల్దేరి, గుడి చూసి, సాయంత్రం మళ్లీ వరంగల్‌లో దిగుతారు. మధ్యలో మీ ఊళ్లో ఒక శుభ్రమైన టాయిలెట్, నమ్మకంగా ఒక పూట భోజనం, ఒక రాత్రి పడుకోవడానికి గది ఉన్నాయా? ఆ మూడూ లేకుండా బ్రోచర్లు అచ్చువేయడం నాకు ఇష్టం లేదు. టూరిజం ఒక్కదాని మీద ఆశ పెట్టుకోవద్దు, అది కూడా ఒంటి కాలే.

హైదరాబాద్ పోవద్దని నేను చెప్పను. పోయి నాలుగేళ్లు పని నేర్చుకుని వచ్చినవాళ్లే ఎక్కువగా ఊళ్లో షాపులు పెట్టి నిలబడటం చూశాను.

ప్రశ్న: తోపుడు బండ్ల వల్ల మా బజారులో నడవడానికి జాగా లేదు. వాటిని ఊరి బయట కొత్త మార్కెట్‌కు పంపితే ట్రాఫిక్ తగ్గుతుంది కదా?
(కిరాణా వ్యాపారి, జనగామ)

జవాబు: పంపితే మీ గిరాకీ కూడా వాటి వెంటే పోతుంది సేఠ్. కూరగాయలకు వచ్చిన మనిషే పనిలో పనిగా మీ దగ్గర పప్పు కొంటాడు. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం పట్టణ వెండింగ్ కమిటీ ఉండాలి, అందులో కనీసం నలభై శాతం బండ్లవాళ్లే ఉండాలి. ఆ కమిటీ కూర్చుని ఏ గల్లీలో ఏ వేళకు బండ్లు అని గీత గీస్తే సగం గొడవ పోతుంది. మిగతా సగం మీ షాపు ముందు మెట్లు, మీ డబ్బాలు, మీ బైకులు. కోప్పడకండి, చూసే రాస్తున్నాను.

ప్రశ్న: ఇంటర్ చదువుతున్నాను. మా ఊరి డివైడర్ నిండా కోనోకార్పస్ ఉంది, మంచిది కాదంటున్నారు. మా ఎన్ఎస్ఎస్ వాళ్లం చెరువు కట్ట మీద చెట్లు నాటుదామనుకుంటున్నాం, ఏవి నాటాలి?
(పరకాల)

జవాబు: కోనోకార్పస్ పెట్టొద్దని ప్రభుత్వమే తర్వాత చెప్పింది, తొందరగా పచ్చగా కనబడుతుందని అప్పట్లో అందరూ ఎగబడి పెట్టారు. మున్సిపల్ బడ్జెట్‌లో పది శాతం పచ్చదనానికే పెట్టాలని చట్టంలో ఉంది, కాబట్టి మొక్కలు మీరు కొనక్కర్లేదు, వెళ్లి అడగండి. రోడ్ల పక్కన వేప, కానుగ. పండ్ల చెట్లు ఊరి మధ్యలో పెడితే కోతులు వస్తాయి, పెట్టకపోయినా వస్తున్నాయి, అది ఇంకో ఉత్తరానికి సరిపడా సంగతి.

చెరువు కట్ట మీద మాత్రం పెద్ద చెట్లు పెట్టొద్దు. వేళ్లు మట్టిలోకి దిగి, చెట్టు చచ్చాక ఆ వేళ్లు కుళ్లినచోట బెజ్జాలు పడి నీళ్లు ఊరతాయి, కట్ట అట్లాగే తెగుతుంది. కట్ట దిగాక, శిఖం (చెరువు నీళ్లు నిలిచే భూమి) హద్దు వెంబడి తంగేడు వేయండి. పశువులు ముట్టవు, నీళ్లు పెద్దగా అడగదు. విత్తనం పొట్టు గట్టిది, వేడినీళ్లు పోసి ఒక రాత్రి నానబెట్టి, తొలకరి పడగానే చల్లండి. హద్దు ఎక్కడుందో ముందు సర్వేయరుతో రాళ్లు పాతించుకోండి, లేకపోతే మీరు తంగేడు వేసిన జాగా ఎవరి ప్లాటో తేలడానికి ఇంకో పదేళ్లు పడుతుంది.